చిన్నదేలే

ఇదివరకు పొద్దున లేవగానే ఆమె చేసే మొదటి పని పొయ్యి వెలిగించడం. ఇప్పుడది రెండో పని అయింది. లేచి, జుట్టు ముడి వేసుకుని, ముందు హాల్లోకి వెళుతుంది. అక్కడ గాడులు తీసిన పొడవాటి చెక్క స్టాండులో పదిహేడు అద్దాలు వరసగా నిలబడి ఉంటాయి. ఎడమ చివర మొదలుపెట్టి ఒక్కో అద్దానికీ అరచెయ్యి ఆనిస్తుంది. జ్వరం వచ్చిన పిల్లల నుదురు చూసినట్టు కాసేపు అలాగే ఉంచి, తర్వాతిదాని దగ్గరికి పోతుంది. పదిహేడూ కదలకుండా ఉన్నాయని నమ్మకం కుదిరాకే వంటగదిలోకి వచ్చి అగ్గిపుల్ల గీస్తుంది.

ఆమె భర్త పక్కమీద పడుకునే ఈ తతంగమంతా వింటూ ఉంటాడు. మొదట్లో ఒకసారి నవ్వించాలని చూశాడు.

"ఏమంటున్నాయి నీ పదిహేడుమందీ?"

"పడుకున్నాయి," అంది ఆమె.

ఇద్దరికీ నవ్వు రాలేదు. ఆయన మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆయనది అద్దాలు బిగించే పని. బజారు వీధిలో ఆయన్ని అద్దాలాయన అనీ ఆమెను అద్దాలక్క అనీ అంటారు. వాళ్ళ ఇల్లు బజారుకు రెండు మలుపుల అవతల, ఒక మేడ కింది వాటా. కట్టే ఇళ్ళకూ, పిల్లలు బంతి తగిలించి పగలగొట్టే కిటికీలకూ అద్దాలు కోసి బిగించడమే ఒకప్పుడు ఆయన బతుకు. హాల్లో ఉన్న ఈ పదిహేడు మాత్రం ఇంకా పగలని కిటికీల కోసం కోసి పెట్టినవి.

అలా ఎలా మొదలైందో ఆమెకు బాగా గుర్తుంది. బజారు చివర బస్సులు ఆగే చోట మొదటిసారి పేలుడు జరిగినప్పుడు వీధంతా నలభై రోజులు మూసేశారు. ఎవరి ఇంట్లోనూ గొంతెత్తి మాట్లాడుకున్నవాళ్ళు లేరు. మేడమీది వాటాలో ఉండే పిన్ని గారి టీవీలో సీరియల్ ఆపేసి పొద్దస్తమానం అదే చూపించారు. చనిపోయిన ప్రతి ఒక్కరి ఫోటో, వాళ్ళ ఊరు, వాళ్ళు ఆరోజు ఏ పనిమీద బజారుకు వచ్చారో కూడా చెప్పారు. అద్దాలాయన పగిలిన కిటికీలన్నీ కొలిచి ఒక పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పేజీల్లో అంకెలు ఇప్పటికీ వంకరగానే ఉంటాయి.

రెండోసారికి వీధిని పది రోజులు మూశారు. మూడోసారికి ఐదు రోజులు. అప్పుడు మందుల కొట్టతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కొలతలన్నీ నీ పుస్తకంలో ఉన్నాయి కదయ్యా. ముందే కోసి పెట్టుకోరాదూ? మళ్ళీ వచ్చినప్పుడు సాయంత్రానికల్లా బిగించేయొచ్చు."

అతను చెడ్డవాడేమీ కాదు. మందులకోసం వచ్చేవాళ్ళు కొట్టు మూసి ఉంటే ఎక్కడికి పోతారని అతని బాధ. అద్దాలాయన తల ఊపాడు. అతన్ని చూసి రొట్టెల కొట్టువాళ్ళు, చెప్పుల కొట్టువాళ్ళు, గుండీల కొట్టు పెద్దాయన, అందరూ చెప్పారు. అలా ఆ వీధిలోని కిటికీలన్నీ ఒక్కొక్కటే వాళ్ళ హాల్లోకి వచ్చి చేరాయి. ఒక్కోదానికీ ఒక నంబరు. గీతలు పడకుండా పాత పేపరు తడిపి దానిమీద అతికిస్తాడు ఆయన. కావలసినప్పుడు ఆ పేపరు ఒలిచి తుడిచి ఇవ్వడం ఆమె పని.

ఒక విషయం ఆమె ఎవరికీ చెప్పలేదు. బజారులో ఎప్పుడు ఏది జరిగినా ఆ చప్పుడు చెవిన పడేముందే అద్దాలకు తెలిసిపోతుంది. పదిహేడూ ఒక్కసారి సన్నగా, పళ్ళు కొరుక్కున్నట్టు వణుకుతాయి. ఆ తర్వాతే చప్పుడు. రెంటికీ మధ్య రెప్పపాటు కూడా ఉండదు కానీ ఆ సందులో ఆమె ఎన్నోసార్లు నిలబడిపోయింది.

బజారు వీధిలో ఎవరూ దాని పేరు పలకరు. పెద్దది, చిన్నది అంటారు, అంతే. పోయినవాళ్ళు ఒక చేతి వేళ్ళకు సరిపోతే చిన్నది, దాటితే పెద్దది. ఎవరూ కూర్చుని ఏర్పాటు చేసిన లెక్క కాదది, నోళ్ళలో నలిగి నలిగి తయారైంది. "వానల్లో వచ్చింది చూడు, ఆ చిన్నది," అంటారు. "పెద్దదానికీ చిన్నదానికీ నడుమ మా బాబు పుట్టాడు," అంటారు. కొత్తగా విన్నవాళ్ళు ఎవరింటి ఆడపిల్లల గురించో మాట్లాడుకుంటున్నారనుకుంటారు.

ఆమె ఇంట్లో నిజంగానే ఒక చిన్నది ఉండేది.

అది ఆమె చెల్లెలు. తల్లి పోయేనాటికి దానికి ఆరేళ్ళు. పేరు పెట్టి పిలిచినట్టు ఎవరికీ గుర్తులేదు. అక్కకూ బావకూ వీధికీ అది చిన్నదే. "చిన్నదొచ్చిందా?" "చిన్నది తిందా?" ఇరవై రెండేళ్ళు వచ్చి గుండీల కొట్టులో ఉద్యోగానికి కుదిరాక కూడా అదే పిలుపు. ఆ కొట్టులో కిటికీ పక్కనే ఎత్తు స్టూలు మీద కూర్చునేది. ఎవరైనా చొక్కా తెచ్చి చూపిస్తే చాలు, మూడొందల డబ్బాల్లోనూ వెతక్కుండా సరిగ్గా ఆ రంగు గుండీ ఉన్న డబ్బా లాగేది.

"ఎలా తెలుస్తుందే నీకు?" అని అక్క అడిగితే, "గుండీలు పిలుస్తాయక్కా, నీకు అద్దాలు పిలిచినట్టు," అని ఆటపట్టించేది.

పొద్దున పనికి వెళుతూ హాల్లో ఆగేది. అప్పుడే తుడిచిపెట్టిన అద్దం ఏదైనా కనిపించిందంటే దానిమీద నోరు తెరిచి ఆవిరి ఊది, వేలితో ఒక సున్నా చుట్టి లోపల నాలుగు చుక్కలు పెట్టేది. గుండీ బొమ్మ.

"ఒసేయ్, ఇప్పుడే కదే తుడిచింది! మళ్ళీ తుడవాలి నేను."

"తుడవకక్కా. ఏం కొంప మునిగింది?"

"కొట్టువాళ్ళు ఒప్పుకోవద్దూ?"

"గుండీ బొమ్మ చూసి గుండీలు కొనుక్కుంటారు. మా పెద్దాయన నాకు జీతం పెంచుతాడు."

ఇలా నవ్వుకుంటూ పోయేది. ఆమె గొణుక్కుంటూ తుడిచేది. ఎన్ని గుండీలు తుడిచి ఉంటుందో.

ఆరోజు మధ్యాహ్నం రెండు దాటింది. ఆమె బట్టలు మడత పెడుతోంది. అద్దాలు వణికాయి, ఆ వెంటనే చప్పుడు వచ్చింది. మెట్లమీద నుంచి పిన్ని గారి గొంతు వినిపించింది.

"ఏమేవ్, విన్నావా? కంగారు పడకు, చిన్నదేలే. పెద్దదైతే మా గిన్నెల స్టాండు పడుండేది."

ఈ కొలత కూడా వీధి కొలతల్లో ఒకటి. ఆమె ఊపిరి తీసుకుంది. అప్పుడే అద్దాలాయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని పెరట్లోంచి వచ్చాడు. అవతల ఎవరో బజారు మనిషి. వినేసి, పెట్టేసి, "గుండీల కొట్టు కిటికీ పోయిందంట. తొమ్మిదో నంబరు తియ్యి," అన్నాడు.

గుండీల కొట్టు అనగానే ఆమె చేతిలో దుప్పటి జారిపోయింది.

"చిన్నది?" అని అడిగింది.

"చిన్నదే. ఏం కాలేదంట," అన్నాడు ఆయన చెప్పులు వెతుక్కుంటూ.

ఆమె అడిగింది చెల్లెల్ని గురించి. ఆయన చెప్పింది పేలుడు గురించి. ఆ ఇంట్లో, ఆ వీధిలో తప్ప ఇంకెక్కడా ఇలాంటి పొరపాటు జరగదు. ఆమె దుప్పటి తీసి పక్కన పెట్టి, తొమ్మిదో నంబరు అద్దం మీది పేపరు ఒలిచి, తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. అరగంటసేపు తుడిచింది. చిన్నది కూర్చునే కిటికీ కదా అని మూలలు ఇంకాస్త శ్రద్ధగా తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఏదో కూనిరాగం కూడా తీసింది. సాయంత్రం చిన్నది రాగానే చెవులు మెలిపెట్టాలి, ఒక ఫోనైనా చెయ్యొద్దూ అనుకుంది. దిమ్మెక్కి ఉంటుంది, వేడిగా ఏదైనా చేసి పెట్టాలనుకుంది.

అద్దాలాయన అద్దాన్ని తోపుడుబండి మీద కట్టుకుని వెళ్ళాడు. గంటన్నరకు వెనక్కి వచ్చాడు. అద్దం బండిమీదే ఉంది. తీసుకెళ్ళిన అద్దం బిగించకుండా వెనక్కి తేవడం ఆయన జీవితంలో అదే మొదలు. గుమ్మంలో నిలబడ్డ ఆమెకు ముందు ఆ అద్దం కనబడింది. అందులో ఆకాశం, కరెంటు తీగలు, దాని వెనక భర్త ముఖం. ఆయన నోరు కదులుతోంది కానీ ఆమెకు ఒక్క మాటా వినిపించలేదు. వినిపించాల్సిన అవసరం కూడా లేకపోయింది.

నలుగురు పోయారు. చేతి వేళ్ళకు సరిపోయారు. చిన్నదే.

నాలుగో రోజున అదే అద్దం అదే కిటికీకి బిగించి కొట్టు తెరిచారు.

పదకొండు నెలలు గడిచాయి. పలకరించడానికి వచ్చినవాళ్ళు మంచిగానే మాట్లాడారు. కానీ వాళ్ళ మాటల్లో కూడా తేదీ గుర్తు చేసుకోవాల్సి వచ్చినప్పుడు, "ఎప్పుడూ, ఆ చిన్నదప్పుడు కదూ," అనేవాళ్ళు. అనేసి నాలుక కొరుక్కున్నవాళ్ళు లేరు. అందులో తప్పేముందో వాళ్ళకు తట్టలేదు. ఆమెకు మాత్రం తట్టింది. పిల్ల పోతే పోయింది, ఆ పిలుపైనా ఇంట్లో మిగలాలి కదా. దాన్ని కూడా వీధి తీసేసుకుంది. వంటగదిలో ఒంటరిగా ఉన్నప్పుడు "చిన్నదానా" అని మెల్లగా అని చూసుకునేది. పేలుడు వినిపించేది తప్ప పిల్ల కనిపించేది కాదు. ఎవరో ఒకరు, ఒక్కసారి, ఆ మాట మనిషిని ఉద్దేశించి అంటే వినాలని ఉండేది ఆమెకు. ఇంకేమీ అక్కర్లేదు.

పిన్ని గారితో ఒకసారి చెప్పుకుంది. ఆవిడ టీవీ గొంతు తగ్గించి విన్నది. తెరమీద సీరియల్ నడుస్తోంది. కింద ఎర్రటి పట్టీలో అక్షరాలు పరుగెడుతున్నాయి, ఎక్కడో ఎవరో ఎంతమందో పోయారని.

"చూడవే, మొదటిదానికి నేను మూడు రోజులు అన్నం ముట్టలేదు," అంది పిన్ని గారు. "ఇప్పుడు ఆ పట్టీ అడ్డం వస్తే సీరియల్‌లో కోడలి కాళ్ళు కనబడటం లేదని విసుక్కుంటున్నాను. నేను రాక్షసినంటావా?"

"లేదు పిన్నీ."

"ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి కదే. అందరికీ ఏడుస్తూ కూర్చుంటే బజారుకెళ్ళి కూరలు ఎవరు తెస్తారు?"

ఆమే కదా, చెల్లెలు పడిపోయి ఉన్న అరగంటా కూనిరాగం తీస్తూ అద్దం తుడిచింది. చిన్నదేలే అనగానే ఊపిరి తేలిక చేసుకున్నది ఆమే కదా. ఆ నలుగురిలో తన మనిషి లేకపోయి ఉంటే వాళ్ళందరినీ సాయంత్రానికి మరిచిపోయి ఉండేది. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి వెళ్ళి అద్దాలకు అరచెయ్యి ఆనించేది. అలాగే ఆ అలవాటు పట్టుకుంది.

బజారు వీధిలోకి మాత్రం అడుగు పెట్టలేదు. ఆ ఇద్దరి పనిలో ఒక పద్ధతి ఉంది. అద్దాలాయన అద్దం నిలబెట్టి, చుట్టూ లప్పం పెట్టి, మేకులు కొట్టేస్తాడు. ఆఖరి తుడుపు ఆమెది. బయటా లోపలా తుడిచి, బయటికి వచ్చి, వేలి కణుపుతో అద్దాన్ని రెండుసార్లు కొట్టి వింటుంది. సరిగ్గా కూర్చున్న అద్దం ఒక రకంగా పలుకుతుంది, వదులుగా ఉన్నది ఇంకో రకంగా. ఆ రెండు దెబ్బలూ పడేదాకా లోపలివాళ్ళు తలుపు గడియ తియ్యరు. తలుపు అదిరితే పచ్చి లప్పం కదులుతుందని. ఇది వీధంతా పాటించే పద్ధతి. ఈ పదకొండు నెలలుగా ఆ దెబ్బలు కూడా అద్దాలాయనే కొడుతున్నాడు. కానీ ఆయన చెవికి అది పట్టుబడలేదు. రెండు అద్దాలు వదులై మళ్ళీ బిగించాల్సి వచ్చింది.

ఆరోజు పొద్దున పదింటికి, వంట మధ్యలో లేచి వచ్చి, ఆమె పన్నెండో అద్దం మీద చెయ్యి పెట్టి ఉంది. అరచెయ్యి కింద అది వణికింది. తర్వాత చప్పుడు.

పిన్ని గారు మెట్లమీదికి రాలేదు. వీధిలో ఎవరో స్కూటరు ఆపి, మళ్ళీ స్టార్ట్ చేసుకుని పోయారు. పక్కింట్లో కుక్కరు కూత పెట్టింది. అంతే.

కాసేపటికి అద్దాలాయన ఫోను పెట్టేసి వచ్చాడు. ఆమె ముఖం చూసి ఈసారి మాటలు ఏరుకున్నాడు.

"బస్సుల దగ్గర. ఇద్దరు పోయారు. నాలుగు కిటికీలు. కొట్లలో ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు, నేను మళ్ళీ మళ్ళీ అడిగాను." ఫోను జేబులో వేసుకున్నాడు. "తొమ్మిది కూడా."

ఆమె తొమ్మిదో నంబరు దగ్గరికి వెళ్ళింది. పాతది బిగించాక ఆయన కొత్తగా కోసి పెట్టిన అద్దం అది. వానాకాలమంతా చెమ్మ పట్టి పేపరు గట్టిగా అతుక్కుపోయింది. నీళ్ళు చల్లి, గోటితో అంచు లేపి ఒలిచింది. పేపరు ముక్కలు ముక్కలుగా వచ్చింది. దానిమీది అక్షరాలు కొన్ని అద్దానికే అంటుకుని ఉండిపోయాయి. అలా అవుతూనే ఉంటుంది. ఆమె గుడ్డ తడిపి పైనుంచి తుడుస్తూ కిందికి వచ్చింది. ఎడమ పక్క, నడుముకంటే కొంచెం పైన, అరచేతి వెడల్పున ఉన్న ఒక మరక దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

బూడిద రంగులో నాలుగు చిన్న ముఖాలు. వాటిపైన తిరగబడిన అక్షరాలు. ఆమె చదువుకున్నది నాలుగో తరగతి. మామూలు అక్షరాలే కూడబలుక్కుని చదువుతుంది, తిరగబడినవి ఎక్కడ చదవగలదు. గుడ్డ కింద పెట్టి, స్టాండు చుట్టూ తిరిగి అద్దానికి అవతలి పక్కకు వెళ్ళింది. అటునుంచి చూస్తే అక్షరాలు తిన్నగా ఉన్నాయి. 'చిన్న పేలుడు, నలుగురు మృతి.' దాని కిందే, వరసలో మూడో ముఖం. కొట్టు గుర్తింపు కార్డు కోసం తీయించుకున్న ఫోటో. నవ్వొద్దన్నారక్కా, ఎంత ఆపుకున్నానో అని ఇంటికొచ్చి నవ్విన ఫోటో.

చిన్నది అద్దంలోంచి చూస్తోంది. వెనక హాలు గోడ, గోడమీద పొద్దుటి ఎండ. ఆమె కొంచెం పక్కకు జరిగితే ఆ ముఖం కనబడకుండా పోతోంది, మళ్ళీ ఇటు జరిగితే వస్తోంది. రెండు మూడుసార్లు జరిగి చూసింది. ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చునే పిల్ల, ఎవరో పిలిస్తే లేచి వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చున్నట్టే ఉంది.

"ఏమండీ," అని పిలిచింది. "ఈ పేపరు ఎక్కడిది?"

ఆయన గుమ్మం దగ్గరే ఆగాడు. "కట్టలో ఏదొస్తే అది పెడతాను. నేను చూడను."

ఆమె మళ్ళీ అద్దం వైపు తిరిగింది. ఆయన దగ్గరికి వచ్చి నేలమీద రాలిన పేపరు ముక్కల్ని కాలి వేలితో ఒకచోటికి నెట్టాడు.

"చూసే పెట్టాను," అన్నాడు చివరికి. "పారేయడానికి చేతులు రాలేదు. ఇంట్లో ఎక్కడ దాచినా నీ కంట పడుతుంది. ఒకే కిటికీకి మళ్ళీ రాదులే, ఈ అద్దం తియ్యాల్సిన పని ఇక పడదులే అనుకున్నాను."

ఆయన వేళ్ళనిండా పాత కోతల గీతలు. పదకొండు నెలల్లో ఇద్దరూ దాని గురించి ఇన్ని మాటలు మాట్లాడుకోవడం ఇదే. ఆమె గుడ్డ తీసుకుని, ఆ అరచేతంత మరకను వదిలేసి మిగతా అద్దమంతా తుడిచింది.

"ఇవాళ ఆఖరి తుడుపుకు నేనొస్తాను," అంది. "అక్షరాలున్న వైపు కొట్టు లోపలికి వచ్చేలా బిగించండి. వాన తగలకుండా."

ఆయన ఆమె వంక చూసి బండి తాడు బిగించాడు.

బజారు వీధి ఆమెకు గుర్తున్నట్టే ఉంది. అదే ఆమెకు భయం పుట్టించింది. చీపుళ్ళ కింద గాజు పెంకులు గలగలమంటున్నాయి. ఆ మూల, బస్సులు ఆగే చోట, ట్యాంకరు పెట్టి అప్పటికే కడిగేశారు. తడి నేలమీద బస్సు కోసం జనం నిలబడి ఉన్నారు, ఒక్క చోట మాత్రం కొంచెం ఖాళీ వదిలి. ఆ ఖాళీ వైపు ఎవరూ చూడటం లేదు, ఎవరూ అందులో అడుగు పెట్టడమూ లేదు. గుండీల కొట్టు ముందు ముగ్గురు ఆడవాళ్ళు చేతిలో జాకెట్టు ముక్కలు పట్టుకుని నిలబడ్డారు. కాళ్ళకింద గుండీలు చెల్లాచెదురుగా ఉన్నాయి.

"ఇంకా ఎంతసేపండీ?" అని ఒకావిడ అద్దాలాయన్ని అడిగింది. "దర్జీ దగ్గరికి వెళ్ళాలి."

"పొద్దున గొడవకి అతను తెరిచాడో లేదో," అంది రెండో ఆవిడ.

"తెరవకేం. చిన్నదేగా."

అద్దాలక్క వంగి, కాలికి తగిలిన ఒక గుండీ తీసి కొంగున వేసుకుంది.

గుండీల పెద్దాయన ఆమెను చూసి కంగారుగా లేచాడు. నుదుటిమీద చిన్న ప్లాస్టరు ఉంది. "నువ్వొచ్చావా చెల్లెమ్మా. రా, రా." ఇంకేదో అనబోయి డబ్బాలు సర్దుతూ ఉండిపోయాడు. ఎత్తు స్టూలు మీద ఒక కొత్త పిల్ల కూర్చుని ఉంది. ఇరవై ఉంటాయేమో. గుండీల్లోంచి పెంకులు ఏరుతోంది.

అద్దాలాయన అద్దం నిలబెట్టి, లప్పం నొక్కి, మేకులు దిగ్గొట్టాడు. ఆమె ముందు బయటివైపు తుడిచింది. తర్వాత లోపలికి వచ్చింది. పెద్దాయన తలుపు గడియ పెట్టి, దానిమీదే చెయ్యి ఉంచి నిలబడ్డాడు.

"అక్కా," అంది స్టూలు మీది పిల్ల మెల్లగా. "పొద్దున డబ్బా చెయ్యి జారి కింద పడింది. తీద్దామని వంగాను. అప్పుడే అయింది. వంగకపోతే..."

"వంగావుగా," అంది ఆమె తుడుస్తూ.

"ఎవరో పిలిచినట్టయి డబ్బా వదిలేశానక్కా. వెనక్కి చూస్తే ఎవరూ లేరు."

గుడ్డ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"నాకంటే ముందు ఇక్కడ కూర్చున్నావిడ రాసిన చీటీలే ఇంకా డబ్బాలమీద ఉన్నాయి," అంది పిల్ల. "అక్షరాలు ముద్దుగా ఉంటాయి. ఆవిడ మానేసిందంటగా?"

గడియ దగ్గర పెద్దాయన నేల చూపులు చూశాడు. ఈ పిల్ల భయపడి పారిపోతుందేమోనని అలా చెప్పి ఉంటాడు. ఆయన్ని తప్పుపట్టాలని ఆమెకు అనిపించలేదు.

"మానలేదమ్మా," అంది. "నా చెల్లెలు. పోయినేడు ఇదే స్టూలు మీద."

పిల్ల చేతిలోని పెంకు పక్కన పెట్టేసింది. స్టూలు మీంచి దిగబోయి, దిగకుండా అంచున కూర్చుంది.

"ఏమని పిలిచేవాళ్ళక్కా?"

"చిన్నది అని."

ఆమె అద్దమంతా తుడిచేసింది. ఎడమ పక్క అరచేతి మేర మిగిలింది. స్టూలు మీద కూర్చున్న మనిషి తల ఎంత ఎత్తులో ఉంటుందో సరిగ్గా అంత ఎత్తు. లోపల కాస్త దూరంనుంచి చూస్తే అదేమిటో తెలియదు, మసిలాగా ఉంది. బయట నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకావిడ మాత్రం అద్దం దగ్గరికి వచ్చి, కళ్ళు చికిలించి, ఇంకొంచెం దగ్గరికి వచ్చింది. అక్షరాలు చదువుతున్న ఆవిడ పెదవులు కదలడం ఆగిపోయింది.

పెద్దాయన గడియ దగ్గర్నుంచే మెడ సాచి చూశాడు. "ఆ మూల మరకేదో ఉండిపోయిందే," అన్నాడు. వెంటనే, ఆమెను కష్టపెట్టడం ఇష్టం లేక, "చిన్నదేలే, ఉండనీ. నువ్వు బయటికెళ్ళి కొట్టేయ్ చెల్లెమ్మా, జనం చూస్తున్నారు," అంటూ ఆమెను పంపడానికి గడియ మెల్లగా తియ్యబోయాడు.

పిల్ల స్టూలు మీద అటు తిరిగింది. ఆ మరక ఎదురుగా వంగి, బయట నిలబడ్డ ఆవిడ ముఖం చూసింది, మరకలోని బూడిద రంగు ముఖాలను చూసింది. పక్కనున్న గుడ్డ అలవాటుగా చేతిలోకి తీసుకుని, మళ్ళీ దించేసింది.

"మరక కాదండీ," అంది. "చిన్నది."

పెద్దాయన చెయ్యి గడియమీదే ఉండిపోయింది.

ఆమె బయటికి వచ్చింది. వెనక తలుపు మూసుకుని మళ్ళీ గడియ పడింది. అద్దం ముందు నిలబడి అరచెయ్యి ఆనించింది. వణకడం లేదు. చల్లగా ఉంది. బయటినుంచి ఆ ముఖం తిన్నగా కనిపిస్తోంది. దాని వెనకే కొత్త పిల్ల ముఖం. ఒకదానిమీద ఒకటి పడి ఎవరి కళ్ళు ఎవరివో తెలియడం లేదు. ఎండ తగిలితే నెల తిరక్కుండా ఆ సిరా దానంతటదే పోతుందని ఆమెకు తెలుసు.

లోపల పెద్దాయన గడియమీద చెయ్యి ఉంచి ఆ రెండు దెబ్బలకోసం వింటున్నాడు. ముగ్గురు ఆడవాళ్ళూ చూస్తున్నారు. దర్జీ దగ్గరికి వెళ్ళాల్సిన ఆవిడ నోరు తెరిచి, అద్దం వంక చూసి, మూసుకుంది. అద్దాలాయన తాడు చుట్టుకుంటూ, భార్య వేలి కణుపు ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్నాడు.

ఆమె తడిగుడ్డను పిండి, నాలుగు మడతలు వేసి, చంకలో పెట్టుకుంది. అద్దాన్ని కొట్టలేదు. ఇంటి వైపు నడవడం మొదలుపెట్టింది. చెప్పుల కొట్టు దాటింది, మందుల కొట్టు దాటింది. మలుపు వచ్చేదాకా ఆమె చెవులు వెనకే ఉన్నాయి. గడియ తీసిన చప్పుడు వినిపించలేదు.